వెంకటేశ్వరమ్మ పెట్టిన వాయిస్

బండదొడ్డి వెంకటేశ్వరమ్మకు చదువు రాదు. వేలిముద్ర వేస్తుంది. అయినా తనతో సుగ్గికి వచ్చే నలభై ఇద్దరు ఆడవాళ్లలో ఎవరికి చంటిపిల్ల ఉందో, ఎవరికి నడుం నొప్పో, ఎవరి పక్కన ఎవరిని సాలులో నిలబెట్టకూడదో అన్నీ ఆమెకు తెలిసేవి.

కర్నూలు జిల్లా పడమటి ఊళ్లలో పత్తి తీత అయిపోయాక పని ఉండదు. జనవరిలో ఇళ్లకు తాళాలు వేసి, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. దాన్నే వాళ్లు సుగ్గి అంటారు. ఆడవాళ్లను పోగుచేసి, అక్కడి రైతుతో మాట్లాడి, లారీ ఎక్కించి, మూడు నెలలు కనిపెట్టుకుని ఉండి మళ్లీ ఇంటికి చేర్చే మనిషి మేస్త్రి. ఆ పక్క మేస్త్రులందరూ మగవాళ్లే. వెంకటేశ్వరమ్మ ఒక్కతే ఆడమనిషి. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లప్పుడు అప్పటి మేస్త్రి గుంపును చేనుగట్టు మీద వదిలిపెట్టి ఎటో పోయాడు. ఊరు తెలియని చోట అందరూ ఏడుస్తూ కూర్చుంటే, ఆమె లేచి రైలు ఎక్కడ ఎక్కాలో కనుక్కుని, అందరినీ ఆదోని స్టేషన్లో దింపింది. మరుసటి ఏడు ఆడవాళ్లు అడగకుండానే ఆమె ఇంటికి వచ్చారు.

అప్పట్లో సుగ్గికి పోయే తేదీ చెప్పడానికి ఐదు ఊళ్లు నడిచేది. వీధి మొదట్లో నిలబడి ఒక్క కేక వేస్తే చివరి ఇంటిదాకా వినిపించేది. ఆమె గొంతు పెద్దది. కొంచెం బొంగురు. ఒకసారి విన్నవాళ్లు మరచిపోరు.

ఫోన్ ఆమె అడగకుండానే వచ్చింది. కొడుకు వీరభద్ర కల్లూరులో షేర్ ఆటో నడుపుతాడు. కొత్త ఫోన్ కొనుక్కుని పాతది తల్లికి ఇచ్చాడు. దాని అద్దం ఒక మూల పగిలి ఉంది. మనవరాలు శివకుమారి అప్పుడు తొమ్మిదో తరగతి, అవ్వ దగ్గరే ఉండి చదువుకునేది. ఆ పిల్లే మైకు గుర్తు చూపించింది.

"ఇది ఒత్తి పట్టుకోని మాట్లాడవ్వా. మాట్లాడినాంక వదిలేయ్. ఆ పక్కోళ్లకు పోతాది."

"వాళ్లు ఎత్తకపోతే?"

"ఎత్తేది లేదు. వాళ్లకు కుదిరినప్పుడు ఇంటారు."

మొదటి వాయిస్ ఆమె చేను అవతల మనిషిని పిలిచినట్టు అరిచి పెట్టింది. పక్కింట్లో కుక్క లేచి మొరిగింది. అరవాల్సిన పని లేదని శివకుమారి రెండు రోజులు చెప్పింది. వారానికల్లా వెంకటేశ్వరమ్మ ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడటం నేర్చుకుంది. గుంపులో ఫోన్ ఉన్నవాళ్లందరినీ కలిపి శివకుమారి ఒక గ్రూపు చేసింది. పేరు రాస్తే చదివేవాళ్లు తక్కువ కాబట్టి గ్రూపుకు ఎండు మిరపకాయల రాశి ఫోటో పెట్టింది.

గ్రూపులో మనుషులను వెంకటేశ్వరమ్మ ఫోటోలను బట్టి గుర్తుపట్టేది. ఎర్ర చీర ఉంటే సోమక్క, ఎద్దుల జత ఉంటే జంగమదొడ్డి లక్ష్మక్క. ఒకసారి శివరాత్రికి లక్ష్మక్క ఎద్దులను తీసేసి శివుడి ఫోటో పెట్టింది. అదే రోజు ఇంకో నలుగురు అదే శివుడిని పెట్టారు. ఎవరికి ఏం చెబుతోందో తెలియక వెంకటేశ్వరమ్మ ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరికి చెప్పింది. మర్నాడు వాయిస్ పెట్టింది. "అందరూ దేవుళ్లయితే నేను ఎవరితో మాట్లాడాల? మీ మొకాలు పెట్టుకోండి." సాయంత్రానికి అందరి ముఖాలూ వచ్చాయి. లక్ష్మక్క మాత్రం ఎద్దుల జతనే పెట్టింది.

ఆమె భర్త పెద్ద ఈరన్నకు మీటల ఫోన్ ఉండేది. దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి బనీను జేబులో పెట్టుకునేవాడు. భార్య ఫోన్లో మాట్లాడి, జవాబు కోసం ఆగకుండా పొయ్యి దగ్గరికి పోవడం ఆయనకు నచ్చేది కాదు. "అవతల మనిషి ఉండాడో లేడో చూసుకోకుండా మాట్లాడితే అదేమి మాట" అనేవాడు. వీరభద్రకు వినే తీరిక లేదు. బండి ఆగిన ప్రతిచోటా ఫోన్ తీసి, వచ్చినవి వచ్చినట్టే తనకు తెలిసినవాళ్లందరికీ పంపేవాడు. చాలావాటిని తెరిచేవాడు కూడా కాదు. శివకుమారి ఇద్దరికీ వేరు. ఎవరితోనూ నోటితో మాట్లాడదు. బొటనవేళ్లతో టకటకా కొడుతుంది. ఎదుటి గదిలో ఉన్న స్నేహితురాలికి కూడా అక్షరాలే. తండ్రి పంపినవి ఆ పిల్ల ఫోన్లో తెరవకుండానే పేరుకుపోయేవి.

ఇదంతా ఒక నాలుగేళ్లు సాఫీగా సాగింది. గుంటూరు పక్కన ఏ చేనులో పని ఉందో, ఏ రైతు మంచినీళ్ల ట్యాంకరు తెప్పిస్తాడో, ఏ లారీ ఎన్ని గంటలకో ఆమె వాయిస్‌లలోనే తెలిసేది. ఆమె చెప్పింది తప్పిన రోజు లేదు. దానితో ఐదు ఊళ్ల వరకే ఉన్న ఆమె మాట పదిహేను ఊళ్లకు పాకింది. గుంపులో లేనివాళ్లు కూడా గ్రూపులో చేరి ఆమె వాయిస్‌లు వినేవాళ్లు.

ఆ ఏడు మే నెలలో ఒక వీడియో వచ్చింది.

సుగ్గి ముగించుకుని ఏప్రిల్లోనే అందరూ ఊళ్లకు చేరారు. పెద్దవాళ్లు పొద్దున్నే ఉపాధి పనికి, చెరువు మట్టి తవ్వడానికి పోతున్నారు. బళ్లకు సెలవులు కాబట్టి పిల్లలు ఇళ్ల దగ్గర ఒంటరిగా ఉంటున్నారు. శివకుమారి సెలవులకు కల్లూరు పోయింది. వీడియో పంపింది వీరభద్ర. వరుసగా పడుకోబెట్టిన చిన్నపిల్లలు, వాళ్ల మీద తెల్లగుడ్డ, గుండెలు బాదుకుంటున్న ఆడవాళ్లు. వాళ్లు మాట్లాడే భాష ఏదో తెలియలేదు. కింద తెలుగులో పొడుగ్గా ఏదో రాసి ఉంది. వెంకటేశ్వరమ్మ వీడియో మూడుసార్లు చూసింది. రాసింది చదవలేదు కాబట్టి కొడుక్కు ఫోన్ చేసింది.

"ఏమి రాసినారు రా దాంట్లో?"

"పిల్లోల్లను పట్టుకపోయేటోళ్లు దిగినారంటమా. మన జిల్లాలోకి కూడా వచ్చినారంట. నాలుగు వందల మందంట."

"నిజమేనా?"

"అందరూ పంపిస్తాండారు. అబద్ధమైతే ఇంతమంది పంపుతారా? మనోళ్లకు చెప్పు. పిల్లోల్లను ఇడిసిపెట్టి పనికి పోతాండారు గదా." బండిలో ఎవరో ఎక్కినట్టున్నారు. అతను ఫోన్ పెట్టేశాడు.

వెంకటేశ్వరమ్మ గడప మీద కూర్చుని మైకు గుర్తు ఒత్తింది. ఆ వాయిస్ నలభై సెకన్లు ఉంటుంది. తర్వాత అది చాలా చోట్ల వినిపించింది కాబట్టి అందులో ఏముందో చాలామందికి తెలుసు.

"అమ్మా, నేను వెంకటేశ్వరమ్మను మాట్లాడతాండా. పిల్లోల్లను ఎత్తకపోయేటోళ్లు మన పక్కకు వచ్చినారంట. కొత్త మనిషి ఊర్లోకి వస్తే ఇడిసిపెట్టద్దండి. బిస్కెట్లో, గాలిబుగ్గలో, ఏదో ఒగటి ఆశ పెట్టి పిల్చకపోతారు. ముసిలోల్లను ఒకరినన్నా ఇంటికాడ పెట్టి పనికి పోండి. జాగ్రత్తమ్మా."

పిల్లలు ఊదుకునే గాలిబుగ్గల మాట వీడియో కింద రాసినదాంట్లో లేదు. వీరభద్ర చెప్పిందాంట్లోనూ లేదు. పిల్లలకు ఏది ఆశపెడతారని ఆలోచిస్తే ఆమెకు తోచింది అది. అందుకని అంది.

మూడు రోజుల తర్వాత, పొద్దున పదిన్నరకు, జంగమదొడ్డి నుంచి లక్ష్మక్క ఫోన్ చేసింది. వాయిస్ కాదు, నేరుగా ఫోనే.

"అక్కా, నువ్వు చెప్పినోడు దొరికినాడు. మా బడికాడ కట్టేసినారు."

"ఎవరే?"

"పిల్లోల్లను ఎత్తకపోయేటోడు. నువ్వు చెప్పినట్లే గాలిబుగ్గలు ఉండాయి వాని సంచిలో."

వెంకటేశ్వరమ్మ ఫోన్ కొంగున ముడేసుకుంది. పెద్ద ఈరన్నను పిలిచి, ఊళ్లో ఉన్న ఒక ఆటో మాట్లాడుకుని, ఇద్దరూ బయల్దేరారు. జంగమదొడ్డి మూడు మైళ్లు. దారిలో ఆమె ఒక్కటే అడిగింది, గాలిబుగ్గలు అమ్మేటోళ్లు ఎండాకాలం ఊర్ల మీదికి రారా అని. "వస్తారు గదా, జుట్టు కొనేటోళ్లు" అన్నాడు పెద్ద ఈరన్న.

బడి ముందర కరెంటు స్తంభానికి ఒక మనిషిని చీర పేలికతో కట్టేసి ఉన్నారు. యాభై ఏళ్లుంటాయి. చొక్కా చిరిగి ఒక భుజం మీదే ఉంది. ఎడమ చెవి నుంచి నెత్తురు మెడ మీదికి కారి ఎండిపోయింది. కుడిచేయి ఉండవలసిన తీరులో లేదు. ముందర అతని సంచి బోర్లించి ఉంది. రంగు రంగుల గాలిబుగ్గలు, పిన్నీసులు, జడ రబ్బర్లు, సూదులు. వాటి పక్కనే ఉండలు చుట్టిన వెంట్రుకలు, రెండు దోసిళ్లు ఉంటాయి. వెంకటేశ్వరమ్మ ఆ వెంట్రుకలను చూసింది. ఆమె కూడా పెళ్లయిన కొత్తలో, దువ్వెనకు వచ్చిన జుట్టు గోడ సందులో దాచిపెట్టి, ఇట్లాంటి మనిషికే ఇచ్చి సూదులు తీసుకునేది.

అరవై, డెబ్భై మంది ఉన్నారు. ఇద్దరు ముగ్గురి చేతుల్లో కట్టెలు. ఒకతను ఫోన్‌ను ఆ మనిషి ముఖం దగ్గర పెట్టి వినిపిస్తున్నాడు. "ఇను. నీ సంగతే చెప్పినారు." ఫోన్లోంచి వచ్చే గొంతు వెంకటేశ్వరమ్మదే. గాలిబుగ్గలో, ఏదో ఒగటి ఆశ పెట్టి, అంటోంది.

ఆమె జనాన్ని తోసుకుని పోయి స్తంభానికి అడ్డంగా నిలబడింది.

"వీడు దొంగ కాదు. జుట్టు కొనేటోడు. ఇడిసిపెట్టండి."

"నువ్వే గదక్కా చెప్తివి" అంది ఒకామె.

"నేను చెప్పింది నిజం కాదు. నేను చూడలేదు. ఎవరో పంపితే చెప్పినా."

"గాలిబుగ్గలు ఇస్తారని గురుతు కూడా చెప్తివి గదా. సరిగా ఉండాయి."

"అది నేను కలిపిన మాట."

ఎవరూ కదలలేదు. ఫోన్ పట్టుకున్నవాడు మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ఎదురుగా ఒక గొంతు, ఫోన్లో అదే గొంతు. "కొత్త మనిషి ఊర్లోకి వస్తే ఇడిసిపెట్టద్దండి" అంది ఫోన్లోది. వెనకనుంచి ఎవరో, "ఆయమ్మకు వాడు సైగ చేసినాడు, బెదిరించినాడు, అందుకే మాట మారుస్తాంది" అన్నారు. ఆ మాట అక్కడే నాలుగు నోళ్లు మారింది. ఒక కట్టె ఆమె భుజం పక్కనుంచి పోయి స్తంభానికి తగిలింది.

ఆ సమయంలో ఆమెకు ఏం అనిపించిందని తర్వాత చాలామంది అడిగారు. "ఏమీ అనిపించలేదు. నా మాట నాకు అడ్డమొచ్చింది" అని మాత్రం చెప్పేది.

ఆమె కొంగు ముడి విప్పి ఫోన్ తీసింది. మిరపకాయల గ్రూపు తెరిచి మైకు ఒత్తింది. ఈసారి అరిచింది. "అమ్మా, నేను వెంకటేశ్వరమ్మను. మూడు దినాల కిందట నేను చెప్పింది అబద్ధం. దొంగలు లేరు. జంగమదొడ్డిలో కట్టేసిన మనిషి జుట్టు కొనేటోడు. కొట్టద్దండి. కొట్టినోళ్లు నన్ను కొట్టినట్లే." వేలు వదిలింది. ఆ గుంపులోనే పది పన్నెండు ఫోన్లు ఒకేసారి మోగాయి. మనుషులు జేబుల్లోంచి, రవికల్లోంచి ఫోన్లు తీశారు. ఎదుట నిలబడి చెప్పినప్పుడు వినని మాటను కొందరు చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. అందరూ నమ్మారని కాదు. కొందరు నమ్మారు, కొందరు పక్కవాళ్ల ముఖం చూశారు. కట్టెలు కిందికి దిగాయి. అది చాలింది.

పెద్ద ఈరన్న అప్పటికే బడి వెనక్కి పోయి, ప్లాస్టిక్ కవరు విప్పి, తనకు నోటికి వచ్చిన మూడు నంబర్లలో ఒకటి నొక్కాడు. అది నూరు. పోలీసులు వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ వెంకటేశ్వరమ్మ స్తంభం దగ్గరే ఉంది. లక్ష్మక్క ఎవరికీ చెప్పకుండా చెంబుతో నీళ్లు తెచ్చి ఆ మనిషి నోట్లో పోసింది.

అతని పేరు ఓబులేసు. రాయచోటి పక్క గుట్టకిందపల్లె. ఇరవై ఏళ్లుగా ఊళ్లు తిరిగి జుట్టు కొంటున్నాడు. ఈ పడమటి పక్కకు రావడం ఇదే మొదటిసారి. ఆదోని ఆసుపత్రిలో చేర్చారు. కుడిచేయి ముంజేతి దగ్గర రెండు చోట్ల విరిగింది. ఎడమ చెవి ఇక వినిపించదని చెప్పారు.

సాయంత్రానికి వీరభద్ర కల్లూరు నుంచి కూతురిని తీసుకుని వచ్చాడు. వచ్చీ రాగానే, "మా, ఆ వాయిస్ తీసేయ్. గ్రూపే తీసేయ్. పోలీసోళ్లు ఫోన్లు చూస్తాండారంట" అన్నాడు.

శివకుమారి ఫోన్ తీసుకుని చూసింది. "ఇప్పుడు తీసేస్తే నీ ఫోన్లోదే పోతాదవ్వా. వాళ్లందరి ఫోన్లలో ఉంటాది. వాళ్లు ఇంకా యాడికి పంపినారో మనకు తెలీదు."

"అట్లైతే ఉండనీ" అంది వెంకటేశ్వరమ్మ.

శివకుమారి ఆ వీడియోను కూడా వెతికింది. పది నిమిషాలు పట్టలేదు. అది వేరే దేశంలో, చాలా ఏళ్ల కిందట జరిగిన ప్రమాదం. పిల్లలను ఎవరూ ఎత్తుకుపోలేదు. ఆ సంగతి తండ్రికి చూపించింది. "నేను పూర్తిగా చూడనే లేదు. చదవను కూడా లేదు. రాంగానే పంపినా" అన్నాడు వీరభద్ర. అతను అబద్ధం చెప్పలేదు.

మర్నాడు పోలీసులు పిలవకముందే వెంకటేశ్వరమ్మ స్టేషనుకు పోయింది. ఎస్సై ఫోన్లో వాయిస్ పెట్టి అడిగాడు.

"ఇది నీ గొంతేనా?"

"నాదే సార్."

"నీకు ఎవరు పంపినారు?"

బయట చెట్టు కింద వీరభద్ర నిలబడి ఉన్నాడు. ఆమె కిటికీలోంచి అటు చూడలేదు.

"పంపినోళ్లు శానా మంది ఉంటారు సార్. మాట్లాడింది మటుకు నేను ఒక్కదాన్నే."

ఎస్సై ఫోన్ తీసుకుని చూశాడు, వివరాలు రాసుకున్నాడు. నలుగురి మీద కేసు కట్టారు. ఆమెను సాక్షిగా రాశారు. ఆమె మీద ఎందుకు కట్టలేదో ఆమె అడగలేదు, వాళ్లు చెప్పలేదు. వీరభద్ర ఆ రోజు తల్లిని ఇంటి దగ్గర దింపి, అన్నం తినకుండానే కల్లూరు పోయాడు.

ఆ మర్నాడు ఆమె, శివకుమారి ఆసుపత్రికి పోయారు. ఓబులేసు పక్కన ఎవరూ లేరు. అతని ఫోన్‌ను జంగమదొడ్డిలో తొక్కి పగలగొట్టారు. ఇంటివాళ్ల నంబరు ఒక్కటి కూడా అతనికి నోటికి రాదు. "అన్నీ ఫోన్లోనే ఉండె" అన్నాడు. పోలీసులు కబురు చేస్తామన్నారు, ఇంకా చేరలేదు.

"గ్రూపుల్లో పెడితే?" అంది వెంకటేశ్వరమ్మ. "ఈయప్ప ఫోటో పెట్టి, ఈయన మనుషులు ఎవరైనా ఉంటే రమ్మని?"

"ఫోటో వద్దవ్వా" అంది శివకుమారి. "నాలుగు ఊర్లు దాటేసరికి కింద మాట మారిపోతాది. మల్లా ఈయన్నే దొంగ అంటారు."

ఆ పిల్ల ఫోన్లో పటం తెరిచింది. రాయచోటి పట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి, గుట్టకిందపల్లె దాకా పోయింది. ఊళ్లో గుడి, బడి, ఒక ఎరువుల అంగడి గుర్తులు ఉన్నాయి. అంగడి గుర్తు మీద నొక్కితే నంబరు వచ్చింది. దాన్ని అవ్వకు చూపించింది.

"చేసి మాట్లాడు."

"నువ్వే చేయి."

"తెలియనోళ్లతో మాట్లాడేది నాకు రాదవ్వా."

వెంకటేశ్వరమ్మ మాట్లాడింది. అవతల అంగడివాడు మొదట ఏదో మోసం ఫోన్ అనుకుని పెట్టేశాడు. రెండోసారి చేసింది. ఓబులేసు భార్య పేరు, వాళ్ల ఇల్లు ఏ వీధిలో ఉందో, ఇంటి ముందర ఏముందో మంచం మీదున్న మనిషిని అడుగుతూ చెప్పింది. అంగడివాడు ఉండమని చెప్పి, మనిషిని పంపాడు. పావుగంటలో ఓబులేసు కూతురు సుప్రజ లైన్లోకి వచ్చింది. వెంకటేశ్వరమ్మ ఏం జరిగిందో దాచకుండా చెప్పింది. తన వాయిస్ సంగతి కూడా చెప్పింది. అవతలి పిల్ల ఏ ఊరికి రావాలో, ఏ బస్సు ఎక్కాలో అడిగింది.

మరుసటి రోజు మధ్యాహ్నానికి భార్య, కూతురు వచ్చారు. భార్య వెంకటేశ్వరమ్మతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె తెచ్చిన సజ్జరొట్టెలు తీసుకోలేదు. సుప్రజ మాత్రం తీసుకుని గోడవారన పెట్టింది.

ఓబులేసు కొంచెం లేచి కూర్చున్నాక, "అక్కా, ఆ మాట నీ ఫోన్లో ఉండాదా?" అని అడిగాడు.

"ఏ మాట?"

"నన్ను కట్టేసినప్పుడు ఇనిపించినారే. ఆ గొడవలో సరిగా ఇనపళ్లేదు. ఒకతూరి పెట్టు."

వెంకటేశ్వరమ్మ వద్దంది. అతను మళ్లీ అడిగాడు. ఆమె పెట్టింది. అతను కుడిచెవి ఇటు తిప్పి నలభై సెకన్లూ విన్నాడు. అయిపోయాక తల ఆడించాడు.

"బాగా చెప్పినావక్కా. నాకూ ఇంటికాడ పిల్లోల్లు ఉండారు. ఈ మాట మా ఊర్లో నేను ఇని ఉంటే, కొత్త మనిషి కనపడితే నేనూ కట్టె తీసుకునేవాన్నేమో."

ఆమె అక్కడ ఏడవలేదు. బస్సులో వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని, ఎమ్మిగనూరు దాటేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శివకుమారి ఫోన్ సంచిలో పెట్టేసి అవ్వ పక్కన ఊరికే కూర్చుంది.

తర్వాతి జనవరిలో గుంపు సుగ్గికి బయల్దేరింది. నలభై ఇద్దరిలో పదకొండు మంది రాలేదు. కేసులో ఉన్న నలుగురూ జంగమదొడ్డివాళ్లే. సాక్ష్యం చెప్పబోయే మనిషి వెంట పోవద్దని ఆ ఊళ్లో అనుకున్నారు. లక్ష్మక్క కూడా వేరే మేస్త్రితో పోయింది. వెంకటేశ్వరమ్మ ఎవరినీ బతిమాలలేదు. రెండుసార్లు కోర్టుకు పోయి, మొదటిసారి చెప్పిందే రెండోసారీ చెప్పింది.

గ్రూపును ఆమె తీసేయలేదు. ఏదైనా కొత్త సంగతి గ్రూపులోకి వస్తే, పెట్టినవాళ్లకు వెంటనే ఫోన్ చేసేది. "నువ్వు చూసినావా?" అని అడిగేది. చూడలేదంటే, "చూసినోళ్లు ఎవరు?" అనేది. అదీ తెలియదంటే గ్రూపులో వాయిస్ పెట్టేది, ఇది ఎవరూ చూసింది కాదని. దీనితో చాలామందికి విసుగు పుట్టింది. పండగ శుభాకాంక్షలు పెట్టినా ఆయమ్మ ఫోన్ చేస్తుందని నవ్వుకునేవాళ్లు. కరోనా వచ్చిన ఏడు, గుంపు గుంటూరు పక్క చేలల్లో చిక్కుకుపోయినప్పుడు, రోజుకొక వార్త వచ్చేది. రేపు రైళ్లు పెడుతున్నారని ఒకటి, నడిచిపోయేవాళ్లను పట్టుకుని ఎక్కడో పెడుతున్నారని ఒకటి. ఆమె రైతును వెంటబెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు పోయి కనుక్కుని వచ్చేదాకా ఒక్క మాట పెట్టేది కాదు. పక్క గుంపులో కొందరు నడిచి బయల్దేరారు, దారిలో ఆపేశారు. ఆమె గుంపు మాత్రం బస్సు వచ్చేదాకా అక్కడే ఉంది. తమ మంచికే అని కొందరన్నారు. భయపడి కూర్చోబెట్టిందని కొందరన్నారు.

పాత వాయిస్ మాత్రం పోలేదు. రెండేళ్ల తర్వాత ఒకరోజు ఆమె ఆదోని నుంచి బళ్లారి పోయే బస్సులో ఉంది. ముందు సీటులో ఒకాయన ఫోన్లో ఏదో విన్నాడు. ఎవరో కన్నడంలో రెండు మాటలు చెప్పాక, ఆమె గొంతు వచ్చింది. అమ్మా, నేను వెంకటేశ్వరమ్మను మాట్లాడతాండా. ఆమె లేచి ముందుకు వంగింది.

"అన్నా, అది ఎవరు పంపినారు నీకు?"

"మా గ్రూపులో వచ్చింది. ఎవరో ఆయమ్మ, కరెక్టుగా చెప్పింది. మల్లా తిరుగుతాండారంట."

"అది నేనే అన్నా. అది అబద్ధం. శానా దినాల కిందటిది."

అతను వెనక్కి తిరిగి ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. తీసేశాడో, ఇంకెవరికైనా పంపాడో తెలియదు. వెంకటేశ్వరమ్మ దిగేదాకా నిలబడే ఉంది.

ఓబులేసు ఇప్పుడు ఊళ్లు తిరగడం లేదు. చేయి పూర్తిగా చాపడానికి రాదు. రాయచోటి బస్టాండు దగ్గర దువ్వెనలు, పిన్నీసులు పెట్టుకుని కూర్చుంటాడని సుప్రజ చెప్పింది. ఆ పిల్ల ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫోన్ చేస్తుంది. కేసు సంగతి అడుగుతుంది, ఆరోగ్యం అడుగుతుంది. వాళ్లమ్మ ఇప్పటికీ మాట్లాడదు.

శివకుమారి కర్నూలులో పీజీ చదువుతోంది. అవ్వకు అక్షరాలు పంపితే చదవలేదు కాబట్టి, వారానికి ఒకసారి తప్పనిసరిగా వాయిస్ పెడుతుంది. మొదట్లో నాలుగు మాటలకే అయిపోయేది. ఇప్పుడు రెండు మూడు నిమిషాలు మాట్లాడుతుంది. హాస్టల్లో తిండి, పరీక్షలు, ఎవరో అమ్మాయికి జ్వరం. పెద్ద ఈరన్న పోయిన ఏడు చనిపోయాడు. ఆ కబురు శివకుమారికి వాయిస్‌లో పెట్టకుండా, ఫోన్ చేసి ఎత్తేదాకా ఆగి చెప్పింది వెంకటేశ్వరమ్మ.

ఆమెకు ఇప్పుడు అరవై నాలుగు. గుంపులో ఇరవై ఆరు మంది ఉన్నారు. లక్ష్మక్క మూడేళ్లయ్యాక తిరిగి వచ్చింది. వెంకటేశ్వరమ్మ సాలులో ఆమెను తన పక్కనే నిలబెట్టుకుంది.

వీరభద్ర ఇంకా షేర్ ఆటోనే నడుపుతున్నాడు. ఫోన్ మార్చాడు. వచ్చినవి వచ్చినట్టే ఇప్పటికీ అందరికీ పంపుతాడు. ఒక్క తల్లికి మాత్రం పంపడు. పండక్కో పబ్బానికో వచ్చినప్పుడు ఆమె చేసిన సజ్జరొట్టె తిని, బండిలో మిరపకాయల మూట వేసుకుని కల్లూరు పోతాడు.